అట్టపెట్టెలోని కారుకూ గాలాడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మోడల్ స్పోర్ట్స్ కార్లు సేకరించేవాళ్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ హాబీ గురించి మన పేపర్లలో రాసేవాళ్లు తక్కువ. ఇదేదో చిన్నపిల్లల ఆట అని తీసిపారేయకుండా గౌరవంగా రాసినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే అందులో ఒక సలహా ఉంది. కొన్న మోడల్‌ని పెట్టెలోంచి బయటికి తియ్యొద్దని, సీలు ఊడకుండా, లోపలి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలమరలో దాచేస్తే ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతుందని. ఆ మాట చదివాక ఊరుకోలేకపోయాను. సరిగ్గా అదే పని నేను తొమ్మిదేళ్లు చేశాను. చివరికి ఏమైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా నా పని నేర్పిన విషయమే. ముప్పై రెండేళ్లు జింకు డై కాస్టింగ్ ఫ్యాక్టరీలో, పోత అచ్చులు తయారుచేసే టూల్ రూమ్‌లో పనివాడిగా చేసి రిటైరయ్యాను. మేం చేసినవి బొమ్మ కార్లు కావు. తలుపుల హ్యాండిళ్లు, తాళాల బాడీలు, కార్బురేటర్ భాగాలు. కానీ మోడల్ కారు బాడీ పోసేది కూడా ఆ లోహంతోనే, ఆ పద్ధతిలోనే. జింకులో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, కాస్త రాగి, చిటికెడు మెగ్నీషియం కలుపుతారు. దాన్ని జమాక్ అంటారు. ఆ నాలుగు లోహాల జర్మన్ పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. 390 డిగ్రీల లోపే కరుగుతుంది. కరిగినదాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెషర్‌తో కొడితే రెప్పపాటులో మూలమూలకీ పాకి, చూస్తుండగానే గట్టిపడుతుంది.

నేను ఆ పనిలోకి రావడానికి కారణం కూడా ఒక చిన్న కారే. ఏడేళ్ల వయసులో మా మేనమామ నాకొక మ్యాచ్‌బాక్స్ కారు ఇచ్చాడు. జాగ్వార్ ఈ-టైప్, ఆ సిరీస్‌లో 32వ నంబరు, మెరిసే ఎరుపు. అడుగున ఉన్న రేకు మీద చీమల్లాంటి ఇంగ్లిషు అక్షరాలుండేవి. కూడబలుక్కుని చదివితే లెస్నీ అని తేలింది. 1947లో లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అని ఇద్దరు స్నేహితులు లండన్‌లో పెట్టిన కంపెనీ అది. వాళ్లతో చేరిన జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో ఒక రూలు ఉండేదట. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మనే బడికి తెచ్చుకోవాలి. ఆ పాప కోసం ఆయన అగ్గిపెట్టెలో పట్టేంత రోడ్డు రోలరు ఒకటి చేసిచ్చాడు. 1953లో మ్యాచ్‌బాక్స్ సిరీస్ మొదలైంది దాంతోనే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఆ ఎరుపు రంగు పెచ్చు లేచిపోయిన చోట కనిపించిన బూడిద రంగు లోహమే. చల్లగా, బరువుగా ఉండేది. ఇనుము కాదు, ఇత్తడి కాదు, ఇదేమిటని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి పన్నెండేళ్లు పట్టింది. ఫ్యాక్టరీలో చేరిన మొదటి వారంలో, ట్రిమ్మింగ్ బల్ల కింద పడి ఉన్న ఒక విరిగిన ముక్క చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను.

రిటైరైన రోజు టూల్ రూమ్ వాళ్లంతా చందాలు వేసుకుని, 1:18 స్కేలు, అంటే అసలు బండిలో పద్దెనిమిదో వంతు కొలతలతో చేసిన లంబోర్గిని మియురా మోడల్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. నారింజ రంగు. 1966లో జెనీవా మోటార్ షోలో మొదటిసారి చూపించిన మియురా కూడా ఆ రంగులోనే ఉంది. ఆ బండి గీసిన మార్చెల్లో గాందీనికి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ని డ్రైవరు వెనక అడ్డంగా పెట్టారు. గేరుబాక్సునీ ఇంజన్‌తోపాటు ఒకే పోతలో ఇమిడ్చారు. పోత పనివాడికి అంతకంటే మంచి కానుక ఏముంటుంది? పెట్టెకున్న పారదర్శకపు కిటికీలోంచి చాలాసేపు చూశాను. తెరవలేదు. అప్పటికి మా మనవరాలికి ఏడాది నిండింది. దాని పదో పుట్టినరోజుకి ఇద్దామని, పెట్టె ఎలా వచ్చిందో అలాగే ఇనప బీరువాలో బట్టల వెనక పెట్టాను. కొత్తదానిలా ఉండాలనే అలా చేశాను. దాచుకుంటే పాడవదనుకున్నాను.

పదో పుట్టినరోజున ఇద్దరం కూర్చుని తెరిచాం. సీలు అదే కోసింది. థర్మోకోల్ ట్రే బయటికి లాగాం. తలుపుల సందుల్లో పల్చటి ప్లాస్టిక్ పొరలు దూర్చి ఉన్నాయి, రంగు గీసుకుపోకుండా. బాడీ చుట్టూ ఇంకో ప్లాస్టిక్ కాగితం. కింద స్పాంజి. ఒక్కొక్కటే తీస్తూ వచ్చింది. కుడివైపు తలుపు మీది ప్లాస్టిక్ తీయగానే దాని చెయ్యి ఆగిపోయింది. వేలితో మెల్లగా నిమిరి, "తాతయ్యా, దీనికి చెమటకాయలు పేలాయి" అంది.

నిజంగా అలాగే ఉన్నాయి. గుండుసూది తలలో సగం ఉండే బుడిపెలు, తలుపు కింది అంచు నించి వెనక చక్రం మీది వంపు దాకా గుంపులు గుంపులుగా. రంగు ఎక్కడా ఊడలేదు, అడుగు నించి పైకి లేచింది. దీపం కింద పక్కకి వంచి చూస్తే నున్నటి నారింజ రంగు మీద ఇసుక చల్లినట్టుంది. ప్లాస్టిక్ తగలని టాపు మాత్రం అద్దంలా ఉంది. అటుపక్క తలుపు మీద కూడా కవరు ముడత బిగిసిన చోటే ఒక చార. ఆ కవరు ఎక్కడెక్కడ అంటుకుందో గీసి చూపించినట్టే బుడిపెలు లేచాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి పోయిందన్న బాధ ఒకటి. ముప్పై రెండేళ్లు ఈ లోహంతో బతికి, అది ఎందుకు అలా అవుతుందో తెలిసి కూడా నా చేతులతో నేనే దాన్ని అలా ఊపిరాడకుండా చేశానన్న బాధ ఇంకొకటి.

ఎందుకు అవుతుందో చెప్తాను. కొత్త జింకు పూత రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మధ్యకి వాన తడి చేరితే ఏమవుతుందో ఇల్లు కట్టినవాళ్లకి తెలుసు. నాలుగు రోజుల తర్వాత విడదీస్తే రేకుకి రేకు ఆనిన చోట సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు. అవే రేకులు గాలి తగిలేలా నిలబెడితే ఎన్ని వానలు తడిసినా అలా కావు. జింకుకి గాలి తగిలితే తన మీద తానే ఒక గట్టి పొర కట్టుకుంటుంది, ఆ పొరే దాన్ని కాపాడుతుంది. గాలి ఆడని చోట తేమ నిలిస్తే ఆ పొర కట్టదు, లోహమే తెల్లపొడిగా మారుతూ పోతుంది. దాన్ని తెల్ల తుప్పు అంటారు. మోడల్ కారులో జరిగేదీ అదే. రంగు వేశారు కదా అనుకోవచ్చు. రంగులోంచి నీటి ఆవిరి మెల్లమెల్లగా వెళ్తూనే ఉంటుంది. పైగా డై కాస్టింగ్ అన్నాక లోహం లోపల సూదిమొనంత గాలి బుడగలు కొన్ని ఉండక తప్పదు. మేం వాటిని పోరోసిటీ అంటాం. పెయింటుకి ముందు బాడీని సరిగ్గా కడగకపోతే చెమట, నూనె మిగిలిపోతాయి. ఆ మిగిలిన చోటికి తేమ చేరి, పైన ప్లాస్టిక్ కాగితం మూత వేసినట్టు అంటుకుని ఉంటే, అడుగున తెల్లపొడి పుట్టి రంగుని పైకి నెడుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీకో అంటగట్టే తప్పు కాదు, అందుకే ఆ తయారీదారు పేరు నేను రాయడం లేదు.

నా దగ్గరే రుజువు ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మియురా వచ్చిన ఏడాదే, అదే తయారీదారు చేసిన ఈ-టైప్ 1:18లో నేను కొనుక్కున్నాను. చిన్నప్పటి కారుకి అన్నలాంటిదని. దాన్ని మొదటిరోజే పెట్టెలోంచి తీసి అద్దాల బీరువాలో పెట్టాను. పదేళ్లు దాటింది. ఒక్క బుడిపె లేదు. ఆ ఇల్లే, ఆ వానాకాలాలే, ఆ లోహమే. ఒక్కటే తేడా, దీనికి గాలాడింది.

మూత తియ్యకుండా దాచిన ప్రతి బండీ పాడవుతుందని నేను అనను. పొడిగా ఉండే చోట ఏళ్ల తరబడి బాగున్నవీ ఉన్నాయి. కానీ లోపల ఏం జరుగుతోందో తెరవనిదే ఎలా తెలుస్తుంది? విలువ కోసం సీలు ఊడదీయని మనిషి, విలువ పోతున్న సంగతి కూడా చూడలేడు.

ఇంకా పాత బండ్లకి ఇంతకంటే పెద్ద జబ్బు ఒకటుంది. జింకులోకి సీసం కొంచెం కలిసినా చాలు, లోహం గింజలకీ గింజలకీ మధ్య లోపలి నించి కుళ్లుతుంది. ముందు బాడీ ఉబ్బుతుంది, తర్వాత నెర్రెలు వస్తాయి, చివరికి చేత్తో పట్టుకుంటే బిస్కట్టులా రాలిపోతుంది. దీన్ని జింకు తెగులు అంటారు. ఇంగ్లండ్‌లో మెకానో కంపెనీ 1934 నించి అమ్మిన డింకీ టాయ్స్‌లో రెండో ప్రపంచయుద్ధానికి ముందువి చాలా ఇలాగే పోయాయి. స్వచ్ఛమైన జింకు దొరికి, 1929లో అమెరికాలో జమాక్ తయారైనా, బొమ్మల ఫ్యాక్టరీల్లో సీసం ముక్కలూ జింకూ కలిసిపోయేవి. మా ఫ్యాక్టరీలో సీసం ఉండే సోల్డరింగ్ వైరు జేబులో పెట్టుకుని పోతపొయ్యి దగ్గరికి వస్తే మేస్త్రీ బయటికి పంపేసేవాడు. ఒక్క ముక్క అందులో పడితే ఆ పొయ్యిలో లోహమంతా పారబోయాల్సిందే. ఈ తెగులుకి మందు లేదు. వెచ్చదనం, తేమ తగ్గిస్తే నెమ్మదిస్తుంది, అంతే. ఆ కాలపు బండి మీ దగ్గరుంటే తలుపు సందులు, చక్రాల వంపులు నెలకోసారైనా చూసుకోండి. పెట్టెలో ఉంచితే అది కూడా కుదరదు.

విలువ పెరుగుతుందన్న మాట గురించి కూడా టూల్ రూమ్ మనిషిగా ఒకటి చెప్పాలి. జింకు పోసే ఉక్కు డై లక్షల షాట్లు, అంటే లక్షల పోతలు తట్టుకుంటుంది. అల్యూమినియం పోసే డై అంతకాలం నిలవదు, జింకు డై మాత్రం మంచి మేస్త్రీ చేతిలో మనిషి ఉద్యోగమంత బతుకుతుంది. డై బతికున్నంతకాలం ఆ బండి మళ్లీ రావచ్చు, వేరే రంగులో, వేరే చక్రాలతో, ఒక్కోసారి వేరే కంపెనీ పేరుతో. కంపెనీలు చేతులు మారుతూనే ఉంటాయి. 2005లో ఇటలీ మోడల్ కార్ల కంపెనీ బురాగో దివాలా తీస్తే ఆ పేరు దాని పోటీదారు మైస్టో వాళ్ల సంస్థకి వెళ్లింది. అంతకుముందు 1997లో మ్యాచ్‌బాక్స్ కూడా, హాట్ వీల్స్ బొమ్మ కార్లు చేసే మాటెల్ గొడుగు కిందికి వచ్చింది. ఇవాళ అరుదనుకున్నది రేపు అరుదు కాకపోవచ్చు. డబ్బు పెంచుకోవాలంటే దానికి వేరే దారులున్నాయి. బండి కొన్నది చూసుకోవడానికి.

చూసుకోవడం అన్నాను కాబట్టి ఎలా పెట్టుకోవాలో కూడా రాయనివ్వండి. ఈ భాగం మీ వ్యాసంలో రెండు వాక్యాల్లో అయిపోయింది, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

చాలామంది మోడల్ కార్లని బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తారు. లెక్క వేసి చూడండి. మామూలు ఎత్తున్న మనిషి నిలబడితే కన్ను నేలకి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బల్ల ఎత్తు 75 అనుకుంటే కంటికీ బల్లకీ మధ్య 85 సెంటీమీటర్లు. 1:18 స్కేలులో అది పదిహేను మీటర్లు దాటుతుంది. అంటే అయిదో అంతస్తు బాల్కనీలోంచి రోడ్డు మీది కారుని చూసినట్టు. అక్కణ్ణించి ఏ కారైనా టాపూ, బానెట్టూ తప్ప ఏం కనిపిస్తుంది? స్పోర్ట్స్ కారు అందమంతా పక్కల్లో ఉంటుంది. ఫోర్డ్ జీటీ40 పేరులోని 40 దాని ఎత్తు, దాదాపు 40 అంగుళాలు. మనిషి నడుమంత ఎత్తున్న బండి. దాని పక్కన నిలబడితే ఎలా కనిపిస్తుందో మోడల్ అలా కనిపించాలంటే 160ని 18తో భాగించాలి. తొమ్మిది సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అంటే అర పలక మీ కంటికి జానెడు కూడా కిందికి ఉండకూడదు, నాలుగు వేళ్ల వెడల్పు కిందికి ఉంటే చాలు. అసలు బండిని అయిదు మీటర్ల దూరం నించి చూసినట్టు ఉండాలంటే ముందు 28 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలి. ఒక్కసారి అలా పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. బండి పెద్దదైపోతుంది. చక్రం మీది వంపు మీద దీపం వెలుగు జారుతున్నట్టు కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు చెయ్యి చాచి తలుపు హ్యాండిల్ పట్టుకోబోయాను.

మా ఇంట్లో ఒక అర మాత్రం నేలకి అడుగున్నర ఎత్తులో ఉంటుంది. మనవరాలు చాప మీద బోర్లా పడుకుని చూస్తుంది. దాని కన్ను అక్కడ ఉంటుంది మరి.

ఒకే అరలో రెండు స్కేళ్లు కలపకండి. 1:18 పక్కన 1:43 పెడితే చిన్నది బొమ్మ అయిపోతుంది, పెద్దది కూడా బొమ్మే అయిపోతుంది. 1:43 మాత్రం ఏం తక్కువది కాదు. ఓ గేజ్ బొమ్మ రైళ్ల పక్కన పెట్టడానికి పుట్టిన కొలత అది, అందుకే ఆ వింత అంకె. ఇక తలుపు తెరిచి అంచు మందంగా ఉందని మోడల్‌ని తిట్టేవాళ్లకి ఒక మాట. అసలు కారు రేకు మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. 18తో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది. ఏ డైలోనూ జింకుని అంత పల్చగా పోయలేం. అందుకని మంచి టూల్ మేకరు ఏం చేస్తాడంటే, తలుపు మూసినప్పుడు సందు వెంట్రుకంత కనిపించేలా అంచుని లోపలివైపు చెక్కుతాడు. మందం లోపలికి దాక్కుంటుంది. మియురా లాంటి బండికి పక్కలు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి డై మామూలుగా పైకీ కిందికీ విడిపోతే బాడీ బయటికి రాదు, పక్కల నించి స్లైడ్లనే విడి అచ్చు ముక్కలు జరగాలి. ఆ స్లైడ్లు కలిసే గీత ముందు చక్రం మీది అంచు వెంబడి పోతుంది. దాన్ని చేత్తో సానపట్టి చెరిపేస్తారు. మీ మోడల్ మీద అక్కడ గోరు మెల్లగా నడిపి చూడండి. గీత తగలకపోతే, ఎక్కడో ఒక మనిషి దాని మీద ఓపిగ్గా కూర్చున్నాడన్నమాట. నేను కొత్త బండి చేతికి వస్తే మొదట చూసేది అదే, రంగు తర్వాత. ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసే మోడళ్లలో ఈ గొడవ ఉండదు, అంచులు ఇంకా పదునుగా వస్తాయి, కానీ వాటిలో చాలావాటికి తలుపులు తెరుచుకోవు. నా మనసు జింకు మీదే ఉంటుంది.

వెలుతురు విషయంలో మీ వ్యాసం చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎండ పడకూడదు. నా ఫెరారీ 250 జీటీఓ కిటికీ వైపు మూడేళ్లు ఉండి, ఆ చెంప గులాబీ రంగుకి తిరిగింది. అటు తిప్పితే ఒక బండి, ఇటు తిప్పితే ఇంకో బండి. అయితే కిటికీ ఉన్న పెట్టె కూడా ఎండని ఆపదు, అది గుర్తుంచుకోవాలి. అద్దాల బీరువా పెట్టి, ఎల్ఈడీ దీపాలు అద్దం బయట బిగించుకుంటే దుమ్మూ రాదు, వేడీ ఎక్కదు. అద్దాలు బిగుసుగా అతికించొద్దు. తలుపు సందు ఉండనివ్వండి. అతికించక తప్పకపోతే వెనిగర్ వాసన వేసే సిలికాన్ మాత్రం వాడకండి. ఆ వాసనే ఆసిడ్, అది జింకుని తింటుంది. కొత్తగా చేయించిన చెక్క బీరువా కూడా వాసన పోయేదాకా ఖాళీగా తెరిచి ఉంచాలి. సిలికా జెల్ సంచి ఒకటి వేసి, రంగు మారినప్పుడు మార్చుకుంటే సరిపోతుంది.

టైర్ల సంగతి ఎవరూ చెప్పరు. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చి, కింది ప్లాస్టిక్ బేసుని కరిగించి అతుక్కుంటుంది. బలవంతంగా ఎత్తితే టైరు తొక్క బేసు మీదే ఉండిపోతుంది. చాసిస్ కింద రెండు చిన్న అక్రిలిక్ ముక్కలు పెట్టి, టైర్లు నేలకి తాకీ తాకనట్టు లేపండి. చూసేవాళ్లకి తెలియదు కూడా. దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ చాలు. స్పిరిట్ తగిలితే తలుపు మీద నంబరు లేచిపోతుంది, ఎందుకంటే అది అద్దకం, సిలికాన్ దిండుతో అద్దింది.

వ్యాసంలో ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కలు వేశారు. లెబనాన్ రేసింగ్ డ్రైవర్ నబీల్ కరమ్ దగ్గర 2016లో లెక్కిస్తే 37,777 తేలాయి, అప్పట్లో గిన్నిస్ రికార్డు అది. నా దగ్గర నలభై మూడే. కానీ అందులో ఒక అర ఉంది, ఆరు బండ్లది, అదొక్కటి చాలు నాకు. ఎడమ చివర 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు షోకు కోసం పెట్టినవి కావు. ఆ బండి గొట్టాల ఫ్రేము పక్కల్లో అంత ఎత్తు ఉంటుంది, మామూలు తలుపుకి చోటు లేదు. తర్వాత 1961 ఈ-టైప్, బానెట్టు మొత్తం ముందుకి ఒరుగుతుంది. తర్వాత 1962 నించి 1964 దాకా 36 మాత్రమే చేసిన 250 జీటీఓ. ఈ మూడింటికీ ఇంజన్ ముందే. నాలుగోది జీటీ40, 1966 నించి వరసగా నాలుగేళ్లు లెమాన్ రేసు గెలిచింది. దాంతో ఇంజన్ డ్రైవరు వెనక్కి వెళ్లింది. అయిదోది మియురా, అక్కడ ఇంజన్ అడ్డం తిరిగింది. చివరిది 1992 మెక్‌లారెన్ ఎఫ్1. అందులో డ్రైవరే మధ్యలోకి వచ్చాడు, వేడిని వెనక్కి కొట్టడానికి ఇంజన్ గదికి బంగారు రేకు తొడిగారు. ఆరింటి మూతలూ తెరిచి వరసగా పెడితే, ఇంజన్ ముందు నించి వెనక్కి నడిచి వెళ్లడం కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. మా మనవరాలికి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్తే ఎక్కనిది, ఈ అర ముందు పావుగంటలో ఎక్కింది. ఆ పాఠం మూత పెట్టిన ఆరు అట్టపెట్టెలు చెప్పగలవా?

మియురా స్థానంలో ఇంకోటి కొని పెడదామని మా అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. చెమటకాయలున్న కుడి తలుపు చూసేవాళ్ల వైపే ఉంచాను. పక్కనే మనవరాలు ఒక చిన్న చీటీ రాసి పెట్టింది, బండి పేరు, సంవత్సరం, కింద "తొమ్మిదేళ్లు పెట్టెలో ఉంది" అని. ఇంటికొచ్చినవాళ్లు అది చదివి ఎందుకని అడుగుతారు, నేను రేకుల కథ చెప్తాను. వెనక మూత మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా లేస్తుంది. లోపల ఇంజన్‌కి గాలి అందించే పన్నెండు ఇన్‌టేక్ గొట్టాలు మూడేసి చొప్పున నాలుగు గుంపులుగా ఉంటాయి, ఎవరొచ్చినా మనవరాలే లెక్కబెట్టి చూపిస్తుంది.

సంపాదకులు గారూ, ఇంత పొడుగు ఉత్తరం మొత్తం వెయ్యడం కుదరదని నాకు తెలుసు. కుదరకపోతే ఒక్క ముక్క వెయ్యండి, ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే. అది చదివి మూత తియ్యకుండా దాచినవాళ్లుంటే, ఈ వారమే తెరిచి ప్లాస్టిక్ కాగితాలూ స్పాంజీ తీసేయమనండి. ఖాళీ పెట్టె, చీటీలు భద్రంగా ఉంచుకోవచ్చు, అభ్యంతరం లేదు. బండిని దీపం కింద పక్కకి వంచి, తలుపు కింది అంచు నించి వెనక చక్రం దాకా వేలు మెల్లగా నడిపి చూడమనండి. నున్నగా తగిలితే వాళ్లు నాకంటే ముందే తెరిచినట్టు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ టూల్ రూమ్ పనివాడు